కుక్కను పగ్గముతో నడిపించు విధము

వడమాలపేట మీదుగా తిరుపతికిని పుత్తూరునకును పోవు మార్గమున లారీలును బస్సులును రాత్రింబవళ్లు పరుగెత్తుచుండును. ఇట్టి బాటప్రక్కన కుక్కను వెంటబెట్టుకొని పోవు బాలుని చూచినప్పుడు, నడిపించువాడు బాలుడా, కుక్కయా యని సందేహము గలుగును. ఎదుట నొక మేక కనబడి కుక్క దుమికినచో, పగ్గము పట్టిన బాలుడును బాటమధ్యమునకు పోవలసినదే. కావున కుక్కకు నడక నేర్పుట వేడుక కాదు. ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

కుక్క యేల లాగును? దాని సహజమైన నడక మన నడకకంటె వేగమైనది. అది లాగును, మనము వెంట పోదుము, అది కోరిన చెట్టును జేరును. లాగినచో కోరినది లభించునని దానికి నేర్పినవారము మనమే. సత్ఫలమిచ్చిన పనిని జంతువు మరల మరల చేయుననియు, ఫలమీయని పనిని క్రమముగా విడుచుననియు అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డు థారన్‌డైకు పిల్లులను పెట్టెలలో నుంచి పరీక్షించి, 1898లో ఆ పరీక్షలను ప్రకటించెను. ఈ నియమమే యిచ్చట మనకు సాధనము.

మొదట మెడపట్టీ సరిచూడవలెను. దానికిని మెడకును నడుమ రెండు వ్రేళ్లు దూరవలెను. పగ్గము ఆరడుగులున్న చాలును. దానిని చేతికి చుట్టుకొనరాదు. కుక్క దుమికినచో మణికట్టు బెణకును. సందడిలేని పెరటిలో పాఠ మారంభింపుడు. పగ్గము వదులుగా నుండి కుక్క మీ ప్రక్కన నడచినప్పుడెల్ల, ఉడికించిన గ్రుడ్డుముక్క నొకదానిని మోకాలికడ వెంటనే యిండు. ఆలస్యమైనచో దేనికి బహుమానమో దానికి తెలియదు. పగ్గము బిగిసినచో స్తంభమువలె నిలిచిపోవుడు, గుంజకుడు, అరవకుడు. అది వెనుదిరిగి పగ్గము వదులైన క్షణముననే మరల నడువుడు. దినమునకు రెండుమారులు, ఒక్కొక్కమారు పది నిమిషములకు మించకుండ నేర్పుడు. పెరటిలో కుదిరిన పిమ్మట వీధికిని, తుదకు పెద్దబాటకును కొనిపోవచ్చును.

ఇంటివారందఱును ఒకే నియమము పాటింపవలెను. తండ్రి నిలిచి, కుమారుడు వెంటపరుగెత్తినచో, అప్పుడప్పుడైనను లాగుట ఫలించునని కుక్క మఱింత పట్టుదలతో లాగును. కొట్టుటవలన భయము కలుగునే కాని నడక రాదు. మెడను గుంజుటవలన గొంతు నొచ్చును.

వేసవిలో తారుబాటపై ముంజేతిని 7 సెకనులు ఆనింపుడు. మీరు ఓర్వలేనిచో దాని పాదములును ఓర్వలేవు. పిచ్చికుక్క వ్యాధికి టీకా తప్పక వేయింపుడు. ఎవరినైన కుక్క కఱచినచో గాయమును సబ్బుతో 15 నిమిషములు పారునీట కడిగి, వెంటనే వైద్యశాలకు పోవలెను. మిక్కిలి పొట్టిదైన గొలుసుతో చిరకాలము కట్టివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము.

జొనంగియైనను, వీధికుక్కయైనను, సీమకుక్కయైనను ఈ పాఠము నేర్వగలదు. కొన్ని వారములు ఓర్పుతో నేర్పినచో, పగ్గము చేతిలో బరువు లేక వ్రేలాడును. బాలుడును కుక్కయు బాట యంచున క్షేమముగా నడచిపోవుదురు.