టాలిత్: చెంగున ముడివేసిన ఆజ్ఞలు

యూదులు ప్రార్థనవేళ కప్పుకొను శాలువాను టాలిత్ అందురు. దీని ప్రాముఖ్యత నాలుగు మూలల కుచ్చులలో ఉన్నది. దేవుని ఆజ్ఞలను జ్ఞాపకము చేయుటకే అవి నియమింపబడెను (సంఖ్యా. 15:37-41). ప్రతి మూలనున్న రంధ్రములో 4 దారములు దూర్చి మడువగా 8 పోగులగును. పొడవైన పోగును మిగిలినవాటికి చుట్టుచు 5 జంటముడులు వేయుదురు. ఈ ఆజ్ఞ నిమిత్తమే వడికిన దారము కావలెను.

యేసు కాలమున ఈ కుచ్చులు నిత్యము ధరించు పైవస్త్రమునకే ఉండెడివి. సంఖ్యాకాండపు గ్రీకు అనువాదములో వాటికి వాడిన 'క్రాస్పెడాన్' అను పదమే మత్తయి 9:20లోను, 23:5లోను కనబడును. మన తెలుగు బైబిలు అక్కడ 'చెంగు' అనుటచేత ఈ సంబంధము మరుగైనది. రోగియైన స్త్రీ ముట్టిన కుచ్చు ప్రభువు ధర్మశాస్త్రమునకు లోబడెనని చూపుచున్నది. ఆయన గద్దించినది కుచ్చులను కాదు, మనుష్యులు చూడవలెనని వాటిని పెంచుటను. మనము ఈ భేదమును గుర్తించి బోధింపవలెను.