మందు కొట్టేముందు కడిగినారా? షెడ్డు శుద్ధి గురించి కొన్ని మాటలు



మాకు వరసగా రెండు పంటలు నాలుగో జ్వరం లేచినాక పోయినాయి. పురుగు ఒళ్ళు ఉబ్బి, తోలు చిట్లి, పాల మాదిరి నీళ్ళు కారినాయి. ఆకు, కూలి, గుడ్లకు పెట్టిన దుడ్లు అన్నీ దిబ్బలో కలిసినాయి. రెండుసార్లూ బ్లీచింగ్ కొట్టినాము. కానీ కడగకుండా కొట్టినాము. తప్పు అక్కడే జరిగింది.

బ్లీచింగ్ పౌడర్‌లో పని చేసేది క్లోరిన్. రెట్ట, ఆకు తుక్కు, గూళ్ళ నూగు ఏది తగిలితే దాని మీదే అది ఖర్చయిపోతుంది. కింద దాగిన రోగం దాకా బలం మిగలదు. పాలరోగం, అంటే గ్రాసరీ క్రిమి, ఒక గట్టి తొడుగులో ఉంటుంది. షెడ్డు దుమ్ములో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. ఆ తొడుగును కరిగించేది సున్నం ఘాటు. బ్లీచింగ్‌లో సున్నం కలపమనేది అందుకే.

ఇప్పుడు మేము చేసే వరస ఇది:

*1. గూళ్ళు విడిపించిన రోజే.* చచ్చిన పురుగులు, పాడు గూళ్ళు ఏరి కాల్చాలి. ఊడ్చకముందే ఒకసారి మందు కొట్టాలి. ఎండిన రెట్టను అట్లే ఊడిస్తే దుమ్ము లేచి రోగం ఊరంతా పోతుంది.

*2. కడగడం.* రెట్ట దూరంగా గుంటలో వేసి మన్ను కప్పండి. తట్టలు, స్టాండ్లు, వలలు, నేల, గోడలు బ్రష్షుతో రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టండి. వెదురు చంద్రికల నూగును మంటతో పైపైన కాల్చవచ్చు. ప్లాస్టిక్ నేత్రికలకు మంట పెట్టకండి, చేత్తో తీయండి.

*3. రెండో మందు.* చాకీ పురుగులు వచ్చే 3 రోజుల ముందు కొట్టండి. అసలు పని చేసేది ఇదే.

*కొలత:* 100 లీటర్ల నీళ్ళకు 2 కిలోల బ్లీచింగ్, నీళ్ళు పోసి ఆర్పిన సున్నం 300 గ్రాములు. ముందు కొంచెం నీళ్ళలో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్ళు పోసి వడకట్టండి. నేల కొలతలో చదరపు అడుగుకు 140 మిల్లీలీటర్లు పడుతుంది. 1000 చదరపు అడుగుల షెడ్డుకు 140 లీటర్లు, అంటే 2.8 కిలోల బ్లీచింగ్, 420 గ్రాముల సున్నం. సామాన్లకు వేరేగా కలుపుకోండి. గోడ, నేల కనీసం అరగంట తడిగా ఉండాలి. పైపైన తుంపర కొట్టి వచ్చేస్తే లాభం లేదు.

*బ్లీచింగ్ పాతదైతే* దుడ్లు దండగ. మూట విప్పి పెడితే క్లోరిన్ గాలికి పోతుంది. ఘాటు వాసన తగ్గి, గడ్డలు కట్టిందంటే అనుమానించండి. గాలి, తడి, ఎండ తగలకుండా మూత గట్టిగా పెట్టండి. కలిపింది అదే రోజు వాడండి.

*జాగ్రత్త:* ఫార్మలిన్‌తో గానీ యాసిడ్‌తో గానీ కలపకండి, విషవాయువు వస్తుంది. ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు ఉండాలి. ఇనుప స్టాండ్లను అరగంట అయినాక నీళ్ళతో కడగండి, తుప్పు పడతాయి. పురుగు పోసే ముందురోజు కిటికీలు తెరిచి వాసన పోనివ్వండి.

అరువు చంద్రికల మాట కూడా చెప్పాలి. పక్కింటి రోగం వాటితో కూడా మన ఇంటికి వస్తుంది. తెచ్చినా, తిరిగి ఇచ్చినా, మందులో ముంచి ఆరబెట్టండి. అడగడానికి మొహమాటపడితే పంట పోతుంది.

పెబ్రిన్ మాత్రం తల్లి చిలుక నుంచి గుడ్లలో కూడా వస్తుంది. ఎంత కడిగినా దానికి చాలదు, పరీక్ష చేసిన గుడ్లే తీసుకోండి.

ఈ వరస పట్టినాక తర్వాతి పంటలో మేము ఏరిన చచ్చిన పురుగులు దోసెడు కూడా లేవు. మీరు వేరే విధంగా చేస్తుంటే గ్రూపులో చెప్పండి, అందరికీ పనికి వస్తుంది.