మంటకు నిలిచే మోదుగ.. బూడిదలో మొలిచే మాస్

పాడేరు: శివరాత్రి దాటేసరికి ఆకులన్నీ రాల్చేసి, కొమ్మ నిండా ఎర్రటి పూలతో అడవికి నిప్పంటుకుందా అనిపించే చెట్టు మోదుగ. అడవికి నిజంగానే నిప్పంటుకున్న చోట, తొలకరి తరువాత బూడిద నేలపై పచ్చటి తివాచీలా పరుచుకునేది ఫ్యునేరియా హైగ్రోమెట్రికా అనే మాస్ మొక్క. జనం దీనిని పాచి అనో, నాచు అనో అంటారు. చెరువులో తేలే నాచు శైవలం. ఇది వేరు. ఇంటర్ విద్యార్థులు సైతం ఇక్కడే పొరబడుతుంటారు.

మోదుగ పది, పదిహేను మీటర్ల ఎత్తు పెరుగుతుంది. వేర్లు పీల్చిన నీరు దారువు గుండా కొమ్మ చివరి వరకు చేరుతుంది. మాస్‌కు వేర్లు లేవు, దారువు లేదు. నేలను పట్టుకునేందుకు సన్నటి మూలతంతువులు ఉంటాయి. ఆకులోనూ నడిమి ఈనె మినహా ఒకే కణం మందం. తడిని ఒంటి నిండా పీల్చుకుంటుంది కనుక రెండు, మూడు సెంటీమీటర్లకు మించి ఎదగలేదు.

అసలు తేడా సంతానోత్పత్తిలో ఉంది. మోదుగ పూలలోని తేనె కోసం పక్షులు వాలుతాయి. వాటి ద్వారా పుప్పొడి మరో పువ్వుకు చేరుతుంది. నీటితో పని లేదు. కాయ కొసన ఉండేది ఒకే విత్తనం. మాస్‌లో పురుషబీజకణం రెండు కశాభాలతో ఈదుకుంటూ స్త్రీబీజకణాన్ని చేరాలి. వాన నీటి పొర లేకుంటే ఫలదీకరణే జరగదు. మరో విశేషమేమంటే, మనకు కనిపించే మోదుగ చెట్టు ద్వయస్థితికం. మాస్ పచ్చటి మొక్క మాత్రం ఏకస్థితికం, అనగా దాని కణాల్లో ఒకే జత కాదు, ఒకే వరుస క్రోమోజోములు ఉంటాయి. ఫలదీకరణ అనంతరం దాని తలపై సన్నటి కాడ, కాడ చివర గుళిక ఏర్పడతాయి. ఆ కాడ, గుళిక మాత్రమే ద్వయస్థితికం. గుళిక మూతి వద్ద రెండు వరుసల్లో పదహారేసి దంతాలుంటాయి. గాలి పొడిబారినప్పుడు వెలుపలి దంతాలు విచ్చుకుని సిద్ధబీజాలను విడుస్తాయి.

పోడు కోసమో, ఇప్పపూలు ఏరుకోవడానికో నేలపై పెట్టే మంట ఈ రెండింటినీ ఒకేలా తాకదు. పెద్ద మోదుగ కాలినా వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. లేత మొలకలు మాత్రం మాడిపోతాయి. ఏటా కాల్చిన చోట ముసలి చెట్లే మిగిలితే రేపటి విస్తరాకుకు, లక్కకు ఆధారమేది? అదే వాలుపై మాస్ తొలివానలకు మట్టి కొట్టుకుపోకుండా కొంత పట్టి ఉంచుతుంది. పనికిరాని పాచి అని పారతో గీకేస్తే ఆ కాస్త రక్షణా పోతుంది. గడ్డి, పొదలు ఎదిగాక అది తనంతట తానే తగ్గిపోతుంది.