తలుపులు తెరుచుకున్నా బయటికి రాలేనివారు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈనాటి అంశము మనలో అనేకుల ఇళ్ళలో ఉన్నదే, గాని సంఘములో మనము నోరు విప్పి మాట్లాడనిది. మెదడుకు, నరాలకు దీర్ఘకాల జబ్బు ఉన్నవారి మనస్సును గూర్చి, ముఖ్యముగా కరోనా లాక్‌డౌన్‌లో ఆ మనస్సు పడిన బాధను గూర్చి ఈ కొద్ది నిమిషాలు ఆలోచిద్దాము.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. మొదట 21 రోజులన్నారు, అది మే 31 దాకా సాగింది. విస్సన్నపేట, నూజివీడు ప్రాంతాల్లో అది మామిడి కాలము. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ చెట్టుమీద ఉన్నాయి. వాటిని కోయించి మార్కెట్టుకు పంపడమెలాగని రైతు తలపట్టుకున్నాడు. ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగ వచ్చింది గాని మందిరాల తలుపులు మూసే ఉన్నాయి. జూన్ 8 నుండి గాని ప్రార్థనా స్థలాలు తెరవడానికి అనుమతి రాలేదు. ఇదంతా మనకు జ్ఞాపకమే.

ఇప్పుడు విస్సన్నపేటలో ఒక ఇంటిని ఊహించుకోండి. ఇంటి పెద్దాయనకు ఎన్నో ఏళ్ళుగా పార్కిన్సన్ జబ్బు. వణుకుడు జబ్బు అంటామే, అదే. అయినా తెల్లవారగానే తోట దాకా నడిచేవాడు. టీకొట్టు దగ్గర నలుగురితో మాట్లాడేవాడు. ఆదివారం తప్పకుండా ఆరాధనకు వచ్చేవాడు. కొన్ని నెలలకొకసారి బస్సెక్కి విజయవాడలో నరాల డాక్టరుకు చూపించుకొనేవాడు. లాక్‌డౌన్ వచ్చింది. నడక ఆగింది, బస్సు ఆగింది, మనుషులు రావడం ఆగింది. రెండు నెలలు తిరిగేసరికి ఆయన అన్నం సరిగా తినడు, రాత్రి నిద్రపోడు, పిలిస్తే పలకడు. ఇంట్లోవారు “వయసు మీద పడింది” అనుకున్నారు. తెలిసినవారు ఫోన్ చేసి “మామయ్యగారూ, విశ్వాసము కోల్పోకండి” అన్నారు. ఆయనలో ఏమి జరుగుతున్నదో ఎవరికీ అర్థము కాలేదు.

ప్రియులారా, ఏమి జరుగుతున్నది? ఈ జబ్బును 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వివరముగా వర్ణించాడు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమక్రమముగా నశించిపోవడం ఇందులో ముఖ్యమైన సంగతి. డోపమిన్ పని చెయ్యీ కాలూ కదిలించడం మాత్రమే కాదు. ఒక పని మీద ఆసక్తి పుట్టడానికి, సంతోషము కలగడానికి, కొత్త పరిస్థితికి మనస్సు సర్దుకోవడానికి కూడ అది కావాలి. అందుచేత పార్కిన్సన్ ఉన్నవారిలో మూడోవంతుకు పైగా కుంగుబాటు, అనగా డిప్రెషన్, కనబడుతుంది. కొందరిలో వణుకు మొదలుకాక మునుపే అది వస్తుంది. జబ్బును తలచుకొని దిగులుపడటం ఒక్కటే దీనికి కారణము కాదు, ఆ జబ్బులోనే ఇదొక భాగము.

నెదర్లాండ్స్ వైద్యులు రిక్ హెల్మిక్, బాస్ బ్లూమ్ 2020లోనే ఈ సంగతి రాశారు. దినచర్య హఠాత్తుగా మారినప్పుడు సర్దుకోవడానికి డోపమిన్ అవసరము. పార్కిన్సన్ ఉన్నవారికి ఉన్న కొరత సరిగ్గా అదే. పైగా వ్యాయామము ఆగిపోతే జబ్బు లక్షణాలు ఎక్కువవుతాయని వారు హెచ్చరించారు. మనందరికీ కష్టమైన మార్పు వారికి మరింత కష్టమైనదన్నమాట.

ఇంకొక విషయము గమనించండి. ఈ జబ్బులో ముఖ కండరాలు బిగుసుకొని ముఖములో భావము కనబడదు. గొంతు సన్నబడిపోతుంది. లాక్‌డౌన్‌లో మనము ఫోన్లోనే పలకరించుకున్నాము. ఆ సన్నని గొంతు ఫోన్లో వినబడక, “బాగానే ఉన్నారు కదా, ఉంటాను” అని పెట్టేసిన ఫోన్లు ఎన్ని! లోపల ఏడుస్తున్నా బయటికి కనబడని ముఖము అది.

పార్కిన్సన్ ఒక్కటే కాదు. పక్షవాతము వచ్చినవారిలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది. ప్రపంచములో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ, అనగా ఫిట్స్, ఉన్నది. వారికి మందు తప్పినా, నిద్ర తప్పినా ఫిట్స్ తిరిగి రావచ్చు. “అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రి తలుపు తీస్తుంది?” అనే భయమే వారి నిద్ర చెడగొట్టింది. భయము నిద్రను, నిద్రలేమి జబ్బును, జబ్బు తిరిగి భయాన్ని పెంచింది. కరోనా మొదటి సంవత్సరములో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. ఆరోగ్యవంతులకే అలాగుంటే, వీరి సంగతి ఆలోచించండి.

నులక మంచానికి నాలుగు కోళ్ళు ఉంటాయి కదా. ఇలాంటి జబ్బు ఉన్న మనిషి మనస్సు కూడ నాలుగు కోళ్ళ మీద నిలబడుతుంది: మందు, నడక, మనుషులు, వేళ. లాక్‌డౌన్ ఆ నాలుగింటినీ ఒక్కసారే కదిపింది. కాబట్టి వాటిని తిరిగి నిలబెట్టడమే మన పని.

మొదటిది మందు. నరాల జబ్బు మందులు ఒక్కసారిగా మానకూడదు. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చు. పార్కిన్సన్ మందు హఠాత్తుగా ఆపినా ప్రమాదమే. “ప్రార్థన చేశాము కదా, మందు మానేయండి” అని ఎవరైనా చెబితే, దయచేసి వినవద్దు. కుంగుబాటుకు కూడ వేరే చికిత్స ఉన్నది, అడిగి తీసుకోవాలి. లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, ఫోన్లోనూ వీడియోలోనూ వైద్యము చేయడానికి కేంద్రము మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలాంటి దారి ఉన్నదని తెలియక మందులు ఆపుకొన్నవారికి మనము తెలియజేయాలి. ఇంట్లో ఎన్ని రోజుల మందు మిగిలి ఉన్నదో లెక్క చూసే మనిషి ఒకరుండాలి.

రెండవది నడక. తోట దాకా వెళ్ళలేకపోతే వరండాలో తిరగవచ్చు. అదీ కాకపోతే కుర్చీలో కూర్చొని చేతులు కాళ్ళు కదిలించవచ్చు. డాక్టరు చెప్పినంత మేరకు, పడిపోకుండా పక్కన ఒకరుండి చేయించాలి.

మూడవది మనుషులు. ఫోన్ చేసినప్పుడు తొందరపడవద్దు. వారి మాట నెమ్మదిగా వస్తుంది, ఆగి వినండి.

నాలుగవది వేళ. లేవడానికి, తినడానికి, మందుకు, పడుకోవడానికి ఒక సమయము ఉండాలి. రోజుకు ఒక ఆకారము ఉంటే భయము కొంత తగ్గుతుంది.

రెండు వారాలకు పైగా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం కనబడితే డాక్టరుకు చెప్పండి. “చనిపోతే బాగుండును” అనే మాట వినబడితే దాన్ని దాటవేయవద్దు. “ప్రాణము తీసుకోవాలనిపిస్తున్నదా?” అని ప్రేమతో సూటిగా అడగండి. అడిగినందున ఆ ఆలోచన పుట్టదు, భారము తగ్గుతుంది. అవునంటే వారిని ఒంటరిగా విడువక వెంటనే వైద్య సహాయము తీసుకోండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ సేవ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే ఉచితముగా మాట్లాడతారు, తెలుగులో కూడ. రోగిని చూసుకొనే భార్య, కోడలు కూడ అలసిపోతారు. ఆ నంబరు వారికి కూడ.

విశ్వాసము సంగతి ఒక్క మాట. ఏలీయా బదరీ వృక్షము క్రింద కూర్చొని చావు కోరుకున్నప్పుడు దూత గద్దించలేదు. తినడానికి రొట్టె, త్రాగడానికి నీళ్ళు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు. మనము మాత్రము ముందు గద్దిస్తాము, రొట్టె సంగతి తరువాత చూస్తాము.

2021 మేలో మన రాష్ట్రములో మధ్యాహ్నము నుండి కర్ఫ్యూ పెట్టారు, అదీ ముగిసింది. మామిడి లారీలు మళ్ళీ కదిలాయి, ఆరాధనలు మొదలయ్యాయి. మనము బయటికి వచ్చాము. గాని మెట్లు దిగలేనివారు, పడిపోతామని భయపడేవారు, ఫిట్స్ వస్తే నలుగురు చూస్తారని సిగ్గుపడేవారు ఇప్పటికీ ఇంట్లోనే ఉన్నారు. మనకు కొన్ని వారాలపాటు నడిచిన లాక్‌డౌన్ వారికి ఈనాటికీ నడుస్తున్నది.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వచ్చారు. ద్వారము దగ్గర దారి లేకపోతే ఇంటికప్పు విప్పారు. ఈ వారము మీ సంఘములో ఆదివారం కనబడటం మానేసిన ఒక్కరి పేరు గుర్తుచేసుకోండి. వారి మందుల లెక్క ఒకరు, నడక ఒకరు, పలకరింపు ఒకరు, విజయవాడ ప్రయాణము ఒకరు పంచుకోండి. నలుగురు చాలు.