లక్కముద్ర విప్పే మధ్యవర్తి

ఫోనులోని బ్రౌజరుకూ, మనం చూడగోరిన వెబ్‌సైటుకూ నడుమ నిలిచి, తపాలా బంట్రోతువలె కబుర్లను అటూ ఇటూ అందించే కంప్యూటరును ప్రాక్సీ అంటారు. హెచ్‌టీటీపీఎస్ అనే లక్కముద్ర ఉన్నంతవరకు అది పై చిరునామాను మాత్రమే చూడగలదు. లోపలి సంగతి చదువజాలదు. కాని ప్రాక్సీవారి సర్టిఫికెట్‌ను మనమే ఫోనులో చేర్చుకున్నామా, అది కబురు విప్పి, చదివి, తన ముద్ర వేసి పంపగలదు.

తప్పులు వెదికే ఇంజనీర్లకు ఇది మంచి పనిముట్టే. అయితే 2019 జూలైలో కజకస్తాన్‌లో టెలిఫోను కంపెనీలు ప్రభుత్వ సర్టిఫికెట్‌ను చేర్చుకొమ్మని ప్రజలను కోరాయి. ఆగస్టులో గూగుల్, మొజిల్లా, ఆపిల్ సంస్థలు తమ బ్రౌజర్లలో అది చెల్లకుండా చేశాయి.

కనుక ఎవరు సర్టిఫికెట్ చేర్చుకోమన్నా, అది ఎవరిది, ఎందుకు అని విచారించనిదే ఒప్పుకొనరాదు. పరాయి ముద్రను ఒకసారి నమ్మితే, ఉత్తరం విప్పిన జాడ మనకు సులభంగా కనబడదు.