పొదుగు పెట్ట

పెట్ట గ్రుడ్లు పెట్టుట మాని గంపలో కదలక కూర్చుండినచో, విసుగుచెంది దానిని నీళ్లలో ముంచి తఱుముట మన పల్లెలలో నరుదైన పని కాదు. గ్రుడ్డు లెక్కకు వచ్చును. పొదుగు లెక్కకు రాదు. కాని ఆ పక్షి చేయుచున్న పని యెట్టిదో తెలిసినచో నిట్టి తొందరకు దిగము.

పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్డు పెట్టును. అది తినుటకే గాని పిల్లకు పనికిరాదు. పుంజుతో నొకమారు కలిసిన పెట్ట దాని వీర్యమును తన గర్భనాళమునందలి సూక్ష్మకోశములలో రమారమి రెండు వారములు దాచుకొనగలదు. పచ్చసొన అండాశయమునుండి వెలువడిన కొలది నిమిషములలోనే బీజసంయోగము జరుగవలయును. ఆపైన తెల్లసొనయు, పొరలును, పెంకును ఏర్పడును. దీని కంతకును 24 మొదలు 26 గంటలు పట్టును. పిల్ల పుంజగునో పెట్టయగునో నిర్ణయించునది తల్లి బీజమే. మానవులలో నది తండ్రి వంతు.

జీవము గల గ్రుడ్డు చల్లని తావున కొన్ని దినములు నిద్రించును. పెట్ట పది పండ్రెండు గ్రుడ్లు కూడువఱకు ఆగి పిమ్మట పొదుగుటలోని మర్మ మిదియే: ముందు పెట్టినదియు వెనుక పెట్టినదియు దాదాపు నొక్కనాడే పిల్లలగును. అది పొట్టమీది యీకలు తొలగిన వట్టి చర్మమును గ్రుడ్లకు ఆనించి వేడి నిచ్చును. యంత్రములలో ఈ వేడిని సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడుకడ నిలుపుదురు. దినమునకు పలుమార్లు ముక్కుతో గ్రుడ్లను త్రిప్పును. త్రిప్పనిచో పిండము పొర కంటుకొని చచ్చును. రెండవ దినము ముగియు వేళకే లోపల గుండె కొట్టుకొనును. తుదకు పిల్ల, మిగిలిన పచ్చసొనను కడుపులోనికి తీసికొని, గ్రుడ్డు లావుకొననున్న గాలిగదిలో తొలి యూపిరి పీల్చి, ముక్కుపై మొలచిన చిన్నముల్లుతో పెంకును పగులగొట్టి, 21వ నాడు వెలుపలికి వచ్చును. పక్షికి ద్విజమను పేరు ఊరక రాలేదు.

గ్రుడ్లు మురిగినచో పెట్టను నిందింతుము. దోషము తఱచు మనదే. వేసవిలో వేడితావున నుంచిన గ్రుడ్డునందు పిండము సగము మేల్కొని నశించును. కావున చల్లనిచోట దాచి, వారము దాటని గ్రుడ్లనే పొదుగుకు వేయవలయును. ఏడవనాటి రాత్రి దీపము ముందు పట్టి చూచి, నెత్తురు నాళములు కానరాని వానిని తీసివేయవలయును. పెట్టకు చేరువనే గింజలును నీరును ఉంచవలయును.

నేడు గ్రుడ్లకొఱకై పెంచు మేలుజాతులు ఏటికి 300కు పైగా పెట్టును. కాని ఆ లాభము కొఱకు వానిలో పొదుగు స్వభావమును తఱిగించిరి. యంత్రము లేనిదే వాని సంతతి నిలువదు. నాటుపెట్ట పెట్టు గ్రుడ్లు కొద్దియే. అయినను విద్యుత్తును, పిల్లలనమ్ము వర్తకుని ఎదురుచూడక, తన వంశమును తానే నిలుపుకొనును. నాలుగు పెట్టలే యాస్తిగా గల పేదరాలికి ఈ గుణము గ్రుడ్లకన్న విలువైనది. అది యొకసారి మందనుండి జాఱిపోయినచో, ప్రతి పిల్లకును ఆమె వెల చెల్లింపవలసినదే.

మేలుజాతులు కావలసినవారు తెచ్చుకొందురు గాక. ఇంట పొదుగునకు కూర్చున్న నాటుపెట్టను మాత్రము నీళ్లలో ముంచక, గంపయు గడ్డియు నిచ్చి, 21 దినములు దాని పని దానిని చేసికొననిండు.