కాంతిని దాటిన వేగం: కంటికి కనిపించేదంతా నిజమా?

“కాంతిని ఏదీ దాటలేదు” అని బడిలో చదువుకున్నవాళ్లే “ఐన్‌స్టీన్ తప్పని తేలింది” అనే వీడియో చూడగానే సందేహంలో పడుతుంటారు. శూన్యంలో కాంతి సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోతుంది. ద్రవ్యరాశి ఉన్న దేన్నీ ఆ వేగానికి చేర్చలేం, ఏ సమాచారాన్నీ అంతకన్నా త్వరగా పంపలేం. 1905 నాటి సాపేక్ష సిద్ధాంతం గీసిన హద్దు ఇదే. దీన్ని మరిచిపోవడం వల్లే అపోహలన్నీ పుడుతున్నాయి.

అపోహ: ఎం87 గెలాక్సీ నుంచి ఎగజిమ్మే ధార కాంతికి ఆరు రెట్ల వేగంతో పోతోంది. హబుల్ టెలిస్కోపే కొలిచింది.

వాస్తవం: కొలత నిజమే. 1994–98 మధ్య హబుల్ తీసిన చిత్రాల్లో ఆ ధారలోని ముద్దలు అంత వేగంగా జరిగినట్టే కనిపించాయి. కానీ ఆ ధార దాదాపు మనవైపే దూసుకొస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది. ఒక ముద్ద కాంతి వేగంలో 99 శాతంతో, మన చూపు రేఖకు 10 డిగ్రీల వాలులో వస్తోందనుకోండి. పదేళ్లలో అది మనకు 9.75 కాంతి సంవత్సరాలు దగ్గరవుతుంది, పక్కకు 1.7 కాంతి సంవత్సరాలు జరుగుతుంది. మొదట బయల్దేరిన వెలుగు వెనకే ముద్ద కూడా తరుముకొస్తోంది కదా! అందుకే పదేళ్ల తర్వాత అది వదిలిన వెలుగు మొదటి వెలుగు కన్నా మూడు నెలలే ఆలస్యంగా మనల్ని చేరుతుంది. మూడు నెలల్లో 1.7 కాంతి సంవత్సరాల కదలిక! అంటే కాంతికి దాదాపు ఏడు రెట్లు. ఏ హద్దూ చెరగలేదు. ఇలా కనిపిస్తుందని ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రీస్ 1966లోనే, ఎవరూ చూడకముందే, లెక్కగట్టి చెప్పారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

అపోహ: దూరపు గెలాక్సీలు కాంతిని మించి పారిపోతున్నాయి కాబట్టి హద్దు చెల్లదు.

వాస్తవం: సుమారు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఉన్న గెలాక్సీలు నిజంగానే అంత వేగంగా దూరమవుతున్నాయి. అయితే మధ్యనున్న అంతరిక్షమే సాగుతోంది. ఏ గెలాక్సీ కూడా తన పక్కనుంచి పోయే కాంతి కిరణాన్ని దాటడం లేదు.

అపోహ: 2011లో న్యూట్రినోలు కాంతిని ఓడించాయి.

వాస్తవం: సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు, 730 కిలోమీటర్ల దూరం, ఈ సూక్ష్మ కణాలు 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ఒపెరా ప్రయోగంలో కనిపించింది. సరిగా బిగించని ఫైబర్ ఆప్టిక్ కేబులే ప్రధాన కారణమని 2012లో బయటపడింది. నమ్మశక్యం కాని ఫలితాన్ని దాచకుండా అందరి ముందూ పెట్టి పరీక్షించమన్న ఆ శాస్త్రవేత్తలను తప్పుపట్టడం అన్యాయం.

అపోహ: కాంతిని దాటడం ఎక్కడా కుదరదు.

వాస్తవం: శూన్యంలో కుదరదు, నీటిలో కుదురుతుంది. నీటిలో కాంతి సెకనుకు 2.25 లక్షల కిలోమీటర్లే పోతుంది. అణు రియాక్టర్ల నీటిలో ఎలక్ట్రాన్లు దాన్ని దాటినప్పుడు నీలి వెలుగు చిమ్ముతుంది. 1934లో దీన్ని గమనించిన సోవియట్ శాస్త్రవేత్త చెరెంకోవ్‌కు 1958లో నోబెల్ వచ్చింది. గాలిలోనూ ఇదే జరుగుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలు అలాంటి మెరుపులే పుట్టిస్తాయి. 2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని హాన్లేలో ప్రారంభమైన 21 మీటర్ల మేస్ టెలిస్కోపు పట్టుకునేది వాటినే. దాని నిర్మాణంలో భాభా అణు పరిశోధన కేంద్రం బార్క్‌తో కలిసి పనిచేసింది హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్.